మీకు తెలుసా? బిగుసుకున్న కాళ్లకు పరుగు పాఠం

నడకకీ పరుగుకీ అసలు తేడా వేగం కాదు. ఎంత వడివడిగా నడిచినా ఏదో ఒక పాదం నేల మీద ఉండి తీరుతుంది. పరుగులో మాత్రం ప్రతి అంగకీ ఒక్క క్షణం రెండు పాదాలూ గాలిలోకి లేస్తాయి. ఆ క్షణం రావాలంటే పిక్క కండరం ఒంటిని ముందుకీ పైకీ తన్నాలి. మెదడుకు తగిలిన దెబ్బ వల్ల కండరాలు బిగుసుకునే సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో సరిగ్గా ఆ తన్నే పనే బలహీనంగా ఉంటుంది. తుంటి దగ్గర కాలిని పైకి లాగి ఆ లోటు పూడ్చుకుంటారు. చూసేవాళ్లకు అది కుంటుతున్నట్టు కనిపిస్తుంది కానీ, నిజానికి అది ఒళ్లు తనంతట తాను కనిపెట్టుకున్న ఉపాయం.

‘ముందు సరిగ్గా నడవనీ, పరుగు సంగతి తర్వాత చూద్దాం’ అని ఇంట్లో పెద్దవాళ్లు అంటూనే ఉంటారు. ఆ మాటకి కాలం చెల్లి చాలా ఏళ్లయింది. తనంతట తాను నడవగలిగే పిల్లకు పరుగు నడక పూర్తయ్యాక ఇచ్చే బహుమతి కాదు, శిక్షణలో అదీ ఒక భాగమే.

సూరత్‌లో పీటీ పీరియడ్

సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిష్‌తో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉందని తెలుసా? సాంచాల (మరమగ్గాల) మీద బతుకు వెతుక్కుంటూ తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీ కుటుంబాలే దానికి ముఖ్య కారణం. ఆ ఊళ్లోని లింబాయత్ వైపు వెళితే దుకాణం బోర్డుల మీద మన అక్షరాలు పలకరిస్తాయి.

ఏ మాధ్యమమైనా, ఏ ఊరైనా, పీటీ పీరియడ్‌లో కాలు ఈడ్చే పిల్లవాడికి దొరికే ఉద్యోగం ఒక్కటే: మిగతావాళ్ల బ్యాగులకు కాపలా. మాస్టారు జాలితోనే కూర్చోబెడతారు, కాదనలేం. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు వైకల్యం ఉన్నవాళ్ల గురించి మొదటిసారి విడిగా మాట్లాడాయి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు వైకల్యం ఉన్నా లేకున్నా లెక్క ఒకటేనన్నాయి. సగటున రోజుకు 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా ఆడాలి. బ్యాగుల కాపలాలో ఆయాసం ఎక్కడినుంచి వస్తుంది?

ఒకే ఊరు, మూడు రకాల కాళ్లు

కాళ్లు సరిగా లేవంటే మనవాళ్లందరికీ ముందు గుర్తొచ్చేది పోలియో. సూరత్‌లో వైకల్యం గల పిల్లల కోసం డిజేబుల్డ్ వెల్ఫేర్ ట్రస్ట్ ఆఫ్ ఇండియాను నడిపిస్తున్న పద్మశ్రీ కనుభాయ్ టేలర్ స్వయంగా పోలియో బాధితులు. పోలియోలో దెబ్బ తినేది వెన్నుపాములోని నరకణాలు. కండరానికి ఆజ్ఞే అందదు, కాలు చచ్చుబడి వదులైపోతుంది.

అదే ఊరి అమ్మాయి అన్వీ ఝాంఝారుకియాది మరో కథ. ‘రబ్బర్ గర్ల్’గా పేరుపడిన అన్వీ యోగాసనాలకు 2022లో ప్రధానమంత్రి రాష్ట్రీయ బాల పురస్కారం అందుకుంది. ఆమెకు ఉన్నది డౌన్ సిండ్రోమ్. అందులో కండరాల బిగువు తక్కువ, కీళ్లు మామూలు కంటే ఎక్కువ వంగుతాయి. అన్వీ సాధన వల్ల ఆ వంపే విద్యగా మారింది.

సెరిబ్రల్ పాల్సీ ఈ రెండింటికీ భిన్నం. పుట్టకముందో, పుట్టేటప్పుడో, పుట్టిన కొత్తలోనో మెదడుకు తగిలిన దెబ్బ ఇది. ఎక్కువమందిలో కండరం వదులవ్వదు, బిగుస్తుంది. కాబట్టి అన్వీ వీడియో చూసి, అవే ఆసనాలు సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లాడితో బలవంతంగా వేయించబోతే కుదరదు. పక్కింటి పోలియో అబ్బాయికి చేసిన మాలిష్ ఇక్కడ చేసినా అంతే.

మన దేశం 2014 మార్చి 27న పోలియో రహితమని ధ్రువపత్రం అందుకుంది. ఆ తర్వాత మన పిల్లల్లో కదలికకు సంబంధించిన వైకల్యాల్లో ముందు వరసలో నిలిచేది సెరిబ్రల్ పాల్సీయే. మన దేశంలో ప్రతి వెయ్యి మంది పిల్లల్లో సుమారు ముగ్గురికి ఉంటుందని అంచనా.

లాగినకొద్దీ బిగుసుకునే పడుగు

స్పాస్టిసిటీ అనే ఈ బిగువుకు ఒక విచిత్ర గుణం ఉంది. కాలిని మెల్లగా చాపితే చాలావరకు లొంగుతుంది. గబుక్కున లాగారో, ఎదురు తిరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ ప్రతిఘటన పెరుగుతుందని 1980లో ఆస్ట్రేలియా న్యూరాలజిస్టు జేమ్స్ లాన్స్ దీనికి నిర్వచనం ఇచ్చారు. సాంచా నడిపినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. పడుగు బిగువు సరిచూసుకోకుండా వేగం పెంచితే ఏమవుతుందో వాళ్లకు చేతివేళ్లే చెబుతాయి.

ఈ గుణం వల్లే ఒకప్పుడు పెద్ద భయం ఉండేది. బలం పెంచే వ్యాయామం చేయిస్తే, గట్టిగా శ్రమ పెడితే బిగువు ఇంకా పెరుగుతుందని దశాబ్దాల పాటు ఫిజియోలు ఆ జోలికే పోలేదు. 1990లలో అమెరికాకు చెందిన ఫిజియోథెరపీ పరిశోధకురాలు డయాన్ డమియానో బృందం ఆ భయాన్ని పరీక్షకు పెట్టింది. పిల్లల చేత బరువులతో కొన్ని వారాలు వ్యాయామం చేయించారు. కండరం బలపడింది, నడక వేగం పెరిగింది. భయపడ్డట్టు బిగువు పెరగలేదు. బిగుసుకున్న కండరం బలమైన కండరం కాదని, బిగువు కిందే బలహీనత కూడా దాగి ఉందని అప్పుడు బాగా తేలింది.

ఇంత జరిగి పాతికేళ్లు దాటినా, ‘శ్రమ పెట్టకండి, నరాలు ఇంకా పట్టేస్తాయి’ అనే సలహా మన ఇళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంది.

కుంటుతూ నడిచిన డాక్టరు

సెరిబ్రల్ పాల్సీ గురించి మొదట వివరంగా రాసిన ఇంగ్లిష్ సర్జన్ విలియం జాన్ లిటిల్ కూడా చిన్నప్పుడు పోలియో వచ్చి పాదం వంకర తిరిగినవాడే. 1836లో జర్మనీ వెళ్లి స్ట్రోమెయర్ అనే సర్జన్ చేత ఆ పాదానికి ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆ విద్యే ఇంగ్లండ్‌కు తెచ్చాడు. చాలాకాలం దీన్ని ‘లిటిల్ జబ్బు’ అనే పిలిచారు. కష్టమైన కాన్పు వల్లే ఇది వస్తుందని లిటిల్ అన్నాడు. కాదు, కాన్పు కష్టం కావడమే అంతకుముందు కడుపులో జరిగినదానికి లక్షణం కావచ్చని 1897లో ఒక పుస్తకంలో అభ్యంతరం చెప్పిన నరాల డాక్టరు ఎవరో తెలుసా? సిగ్మండ్ ఫ్రాయిడ్! కలల సంగతి తర్వాత, ముందు ఆయన పిల్లల పక్షవాతం చదివినవాడు.

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. మన దగ్గర పుట్టగానే ఊపిరి అందకపోవడం, నెలలు నిండకుండా పుట్టడం, పసికామెర్లు ముదరడం ఇప్పటికీ ముఖ్య కారణాలే.

ఐదు మెట్లు, ఐదేళ్లు

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1997లో ఒక కొలమానం తయారు చేశారు. పేరు జీఎంఎఫ్‌సీఎస్. ఒకటో మెట్టు పిల్లలు పరుగెత్తుతారు, గెంతుతారు, కాకపోతే వేగం, నిలకడ కాస్త తక్కువ. రెండో మెట్టు పిల్లలకు నడక వస్తుంది, పరుగు అంతంతమాత్రం. మూడో మెట్టుకు చేతికర్రో వాకరో కావాలి. నాలుగు, ఐదు మెట్లకు చక్రాల కుర్చీ. మీ పిల్లది ఏ మెట్టో డాక్టరు చెప్పకపోతే మీరే అడగండి. అడిగే హక్కు మీది, చెప్పడానికి వాళ్లకు రెండు నిమిషాలు చాలు.

ఆ బృందమే 2002లో మరో సంగతి బయటపెట్టింది. ఈ పిల్లలు తాము చేరుకోగల పెద్ద కదలికల సామర్థ్యంలో దాదాపు 90 శాతాన్ని ఐదేళ్లలోపే చేరుకుంటారు. ఐదో మెట్టు పిల్లలైతే మూడేళ్లు నిండకముందే. ‘పెద్దయితే అదే సర్దుకుంటుంది’ అని చెప్పే బంధువులకు ఈ లెక్క చూపించండి. ఐదేళ్లు దాటితే తలుపు మూసుకుపోయిందనీ కాదు. దమ్ము, బలం, వేగం ఏ వయసులోనైనా పెంచుకోవచ్చు.

ఏడాది నిండకుండానే పాప ఒక చేత్తోనే అన్నీ అందుకుంటోందా? ‘మా పాప ఎడమచేతివాటం’ అని మురిసిపోకండి, డాక్టరుకు చూపించండి. ఆ వయసుకు వాటం ఏర్పడదు.

పార్కింగ్‌లో 15 మీటర్లు

పరుగు శిక్షణ అంటే పెద్ద మైదానం, సింథటిక్ ట్రాక్ ఊహించుకుంటాం. నెదర్లాండ్స్ పరిశోధకుడు ఓలాఫ్ వెర్షురెన్ ఈ పిల్లల కోసం రూపొందించిన పరుగు పరీక్షకు 15 మీటర్ల నేల చాలు. సుద్దతో రెండు గీతలు గీసి, శక్తికొద్దీ 15 మీటర్లు పరుగెత్తమంటారు. పది సెకన్లు విరామం. మళ్లీ పరుగు. అలా ఆరుసార్లు. స్టాప్‌వాచ్, బిడ్డ బరువు తెలిస్తే కాళ్ల శక్తి ఎంతో లెక్క కట్టవచ్చు. దమ్ము కొలవడానికి పది మీటర్ల అటూ ఇటూ పరుగు ఉంది. బీప్ శబ్దానికి తగ్గట్టు పరుగెత్తాలి. ఒకటో మెట్టువాళ్లకు గంటకు 5 కిలోమీటర్ల వేగంతో, రెండో మెట్టువాళ్లకు 2 కిలోమీటర్ల వేగంతో మొదలై నిమిషానికోసారి పావు కిలోమీటరు పెరుగుతుంది. సూరత్ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో బళ్లు పోయాక మిగిలే చోటు దీనికి చాలు.

ఆ నెదర్లాండ్స్ బృందం 2007లో ప్రచురించిన ప్రయోగంలో 86 మంది పిల్లలు పాల్గొన్నారు. శిక్షణ పొందినవాళ్లు ఎనిమిది నెలలపాటు వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 45 నిమిషాలు పరుగెత్తారు, మలుపులు తిరిగారు, మెట్లెక్కారు. దమ్ము, చురుకు, బలం పెరిగాయి. శిక్షణ ఆపిన నాలుగు నెలలకు మళ్లీ కొలిస్తే ఆ లాభంలో కొంత కరిగిపోయింది. అందుకే నెల రోజుల ‘స్పెషల్ క్యాంపు’కు అప్పు చేసి పంపడం కంటే వారానికి రెండు సాయంత్రాలు ఏడాది పొడవునా ఆడించడం మేలని నా అభిప్రాయం.

ఒక సాయంత్రం పాఠం ఎలా ఉంటుంది? మొదట పరుగు ఉండదు. గోడకు చేతులానించి, మడమలు లేపి మునివేళ్ల మీద నిలబడడం, మెల్లగా దిగడం. దిగడంలోనే అసలు పని ఉంది. తర్వాత నాలుగంగుళాల పీట ఎక్కి, బలహీనమైన కాలితోనే కిందికి దిగాలి. మోకాలు లోపలికి కూలకుండా ఫిజియో వేలితో తాకుతూ ఉంటారు. తర్వాత నేల మీద సుద్ద గీతలు: పొట్టి అంగ, పొడుగు అంగ, రెండు కాళ్ల గెంతు. చివర్లోనే పరుగు. ‘అక్కడున్న బంతి తే’ అంటారు తప్ప ‘మోకాలు పైకెత్తు, మడమ దించు’ అని పురమాయించరు. కాలి గురించి ఆలోచిస్తే కాలు ఇంకా బిగుసుకుంటుంది, బంతి మీద మనసు పెడితే కాలు తన దారి తాను వెతుక్కుంటుంది. పడిపోవడం కూడా పాఠమే. చేతులు ముందుకు చాచి పరుపు మీద పడడం నేర్పిస్తారు. పడడం వచ్చిన పిల్ల భయపడకుండా పరుగెత్తుతుంది.

పిల్ల మంచం మీద పడుకుని ఉంటే ఎవరో కాళ్లు చాపి వంచడం, నూనె రాయడం మాత్రమే థెరపీ అయితే అందులో పిల్ల చేసేది ఏమీ లేదు. ఆస్ట్రేలియాకు చెందిన ఐయోనా నోవాక్ బృందం ఈ జబ్బుకు చేసే చికిత్సలన్నిటికీ ట్రాఫిక్ దీపాల రంగులు ఇచ్చింది. పచ్చరంగు పడినవాటిలో ఎక్కువ భాగం బిడ్డ తానే ఒక లక్ష్యం పెట్టుకుని, తానే కదిలి సాధన చేసేవి.

పెడళ్లు లేని సైకిల్

నడక రాని పిల్లలు పరుగెత్తలేరని ఎవరన్నారు? 1991లో డెన్మార్క్‌లో చక్రాల కుర్చీ క్రీడాకారిణి కొనీ హాన్సెన్, మన్సూర్ సిద్దీఖీ కలిసి ఒక బండి రూపొందించారు. మూడు చక్రాలు, ఒక సీటు, ఛాతీ ఆనడానికి మెత్తటి పలక, చేతులకు హ్యాండిల్. పెడళ్లు ఉండవు. సీటు మీద బరువు వేసి, ఛాతీ ముందుకు వాల్చి, కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవాలి. పడతామన్న భయం ఉండదు కాబట్టి కాళ్లు పని మొదలుపెడతాయి. ఇప్పుడు దీన్ని ఫ్రేమ్ రన్నింగ్ అంటారు. 2019లో దుబాయ్‌లో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో చోటు దక్కింది. మన దేశంలో ఈ బండ్లు ఇంకా అరుదు. ఎంబ్రాయిడరీ మెషిన్ల మరమ్మతు నుంచి లిఫ్టుల తయారీ దాకా చేసే సూరత్ వర్క్‌షాపులకు ఇది పెద్ద పనేమీ కాదనిపిస్తుంది, ఫిజియో ఒకరు పక్కన నిలబడి కొలతలు చెబితే.

14.21 సెకన్లు

సెరిబ్రల్ పాల్సీ ఉన్న క్రీడాకారులకు పారాలింపిక్స్ తలుపు తెరుచుకున్నది 1980లో, నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్‌లో. ఇప్పుడు వీళ్లలో నిలబడి పరుగెత్తేవాళ్లను టీ35 నుంచి టీ38 వరకు వర్గాలుగా విడదీస్తారు. అంకె పెరిగేకొద్దీ ఇబ్బంది తక్కువ.

2024 పారిస్‌లో టీ35 వంద మీటర్లలో ఉత్తరప్రదేశ్ అమ్మాయి ప్రీతి పాల్ 14.21 సెకన్లలో కాంస్యం గెలిచింది. పారాలింపిక్స్ ట్రాక్ మీద భారత్‌కు అదే తొలి పతకం. రెండు రోజులకే 200 మీటర్లలో మరో కాంస్యం, 30.01 సెకన్లు. చిన్నతనంలో ఏళ్ల తరబడి కాలిపర్లు వేసుకున్న కాళ్లు అవి. అదే పారిస్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చిన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజిది వేరే వర్గం, మేధో వైకల్యం ఉన్నవాళ్ల టీ20. సూరత్‌లోని వరంగల్ వాళ్లు ఆ పేరు గర్వంగా చెప్పుకుంటే తప్పేముంది?

అందరూ పారిస్ వెళ్లరు, వెళ్లక్కర్లేదు. గుజరాత్ ప్రభుత్వం 2010 నుంచి జరుపుతున్న ఖేల్ మహాకుంభ్‌లో దివ్యాంగులకు విడిగా పోటీలున్నాయి. బడి మాస్టారిని అడిగి పేరు నమోదు చేయించండి.

మూడు చప్పట్ల గర్బా, పూల చుట్టూ బతుకమ్మ

నవరాత్రుల్లో సూరత్ తెలుగువాళ్లకు రెండు వలయాలు. ఒకటి గర్బా, రెండోది బతుకమ్మ. రెండూ దాదాపు ఒకే రోజుల్లో వస్తాయి, రెండిట్లోనూ చుట్టూ తిరుగుతూ వంగి లేస్తూ చప్పట్లు కొట్టాలి. ఒక పక్క చెయ్యీ కాలూ బిగుసుకున్న పిల్లకు ఇంతకంటే మంచి పాఠం ఏ క్లినిక్‌లో దొరుకుతుంది? చప్పట్లకు రెండు చేతులూ కావాలి, బలహీనమైన చెయ్యి తప్పించుకోలేదు. లయ ముందే తెలుసు కాబట్టి అడుగు ఎప్పుడు పడాలో చెవి చెబుతుంది. అందరూ ఒకే దిక్కుకు తిరుగుతారు, వెనకబడ్డా వలయంలోనే ఉంటుంది. ఒకవైపు వదిన, ఒకవైపు మేనత్త.

ఉత్తరాయణానికి గాలిపటం ఫిర్కీ (దారం చుట్ట) పట్టుకునే పని కూడా ఆ పిల్లకే ఇవ్వండి. రెండు చేతుల్లేకుండా ఫిర్కీ తిరగదు. దానికి మామూలు దారమే చుట్టండి, మాంజా మాత్రం దూరంగా ఉంచండి. మన తొక్కుడుబిళ్ల, నేలా బండా కూడా తక్కువవేం కాదు. ఒంటికాలి గెంతు, మెట్టెక్కి దిగడం అన్నీ అందులో ఉన్నాయి.

పరుగుకు ముందు ఒక ఎక్స్‌రే

తుంటి కీలు మెల్లగా పక్కకు జరిగిపోవడం ఈ పిల్లల్లో దొంగదెబ్బ. మొదట్లో నొప్పి ఉండదు, ఎవరికీ తెలియదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో చూస్తే మొత్తమ్మీద మూడో వంతుకు పైగా పిల్లల్లో అది కనిపించింది. ఐదో మెట్టులో పదిమందికి తొమ్మిదిమందిలో, ఒకటో మెట్టులో ఎవరికీ లేదు. డాక్టరు చెప్పిన ప్రకారం తుంటి ఎక్స్‌రే తీయించడం మానొద్దు. మూర్ఛ మందులు వాడుతున్నా, బోటాక్స్ ఇంజెక్షన్ వేయించినా, ఆపరేషన్ జరిగినా పరుగు ఎప్పుడు మొదలుపెట్టాలో వాళ్లనే అడగండి.

జేబు సంగతి

నేషనల్ ట్రస్ట్ వారి ‘నిరామయ’ బీమా సెరిబ్రల్ పాల్సీకి కూడా వర్తిస్తుంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు, అందులో థెరపీ ఖర్చు కూడా కొంత వస్తుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పరీక్షలు ఉచితం. లింబాయత్ వాళ్లకు దగ్గర్లోనే, బాంబే మార్కెట్ ఎదురుగా నగరపాలక సంస్థ వారి స్మిమెర్ ఆసుపత్రి ఉంది. మజూరా గేట్ దగ్గర న్యూ సివిల్ ఆసుపత్రి ఉంది.

మరో పక్క స్టెమ్ సెల్ ఇంజెక్షన్లతో నడక తెప్పిస్తామనే ప్రకటనలు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం సెరిబ్రల్ పాల్సీకి అది ఆమోదించిన చికిత్స కాదు, పరిశోధన మాత్రమే. పరిశోధనకు రోగి దగ్గర డబ్బు వసూలు చేయకూడదు. లక్షలు అడిగితే లేచి వచ్చేయండి.

బూటు చెప్పే కబుర్లు

ఒక పక్క మాత్రమే దెబ్బతిన్న పిల్లల్లో ఆ పాదం తరచుగా రెండోదాని కంటే కాస్త చిన్నగా ఉంటుంది. దాని మీద ప్లాస్టిక్ స్ప్లింట్ తొడిగితే మాత్రం రెండో పాదం కంటే పెద్ద బూటు కావాలి. దుకాణంలో ఒకే బూటు అమ్మరు కనుక చాలామంది తల్లిదండ్రులు రెండు సైజుల్లో రెండు జతలు కొంటారు. మిగిలిన రెండు బూట్లు దేనికీ పనికిరావు. అదే ఇబ్బంది రెండో కాలికి ఉన్న పిల్ల ఊళ్లో ఇంకొకరు దొరికితే ఇద్దరికీ ఖర్చు సగం.

పాత బూటును పారేసే ముందు అడుగు తిప్పి చూడండి. ముందు భాగం ముక్కు దగ్గర అరిగితే కాలు ఈడుస్తున్నట్టు, లోపలి అంచు అరిగితే పాదం లోపలికి కూలుతున్నట్టు, మడమ కొత్తదిలాగే ఉంటే అసలు నేలకే తగలడం లేదన్నట్టు. పరుగు మొదలుపెట్టాక ఆ అరుగుదల చోటు మారుతుందా లేదా అన్నది ఫిజియో తెలుసుకోవాలనుకునే సంగతే. ఈసారి వెళ్లేటప్పుడు ఆ పాత జతను కూడా సంచిలో వేసుకెళ్లండి.